గడప దాటని పేరు

సిరిసిల్లలో ఒక నేత ఇంటి వంటగది. సంధ్యారాణికి ఇంకా బడీ దొరకలేదు, బస్సూ రాలేదు. పిల్లలకు బదులు అత్త లసుమవ్వ ఎదురుగా పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"మల్ల అడుగుతున్న అత్తమ్మా. సర్వనామం అంటె ఏంది?"

"సర్వనాశనానికి తమ్ముడు."

"అత్తమ్మా! నువ్వు పిల్లవు, నేను టీచరును అనుకున్నం గదా. బస్సుకు ఎక్కువ టైం లేదు."

"పిల్లలు గిట్లనే ఉంటరు బిడ్డా. నీ మొగడు ఇంతకన్న అధ్వానం ఉండె."

"సరే, నేనే చెప్త. పేరుకు బదులు వాడేది సర్వనామం. ఇంగ్లీషుల ప్రొనౌన్. ఏ పేరుకు బదులు అస్తదో ఆ పేరుకు సరిపోవాలె. గిదే ఇయ్యాల నా పాఠం. వేములవాడ బడోళ్లు ఇచ్చిండ్రు. డెమో నచ్చితె కొలువు, నచ్చకుంటె మల్ల ఇదే వంటింట్ల నువ్వు, నేను, చిక్కుడుకాయ."

"పేరుకు బదులు నామమా? అంటె అందరికి నామం పెట్టుడు. అందుకే సర్వనామం అన్నరు. సమజైంది, ముందటికి పో."

"మొగాయనకు హీ. ఆడామెకు షీ. వస్తువుకు, పసురానికి ఇట్. ఎక్కువమంది ఉంటె దే."

"హీ హీ అని నవ్వేది మొగోళ్లు. ఛీ ఛీ అనిపించుకునేది ఆడోళ్లు."

"ఛీ గాదు అత్తమ్మా, షీ."

"ఇంట్ల పడేసరికి రెండు ఒక్కటే అయితయి తియ్యి."

"జర ఇను. 'కోడలు అచ్చింది, అలసిపోయింది' అని ఇంగ్లీషుల రాయమంటె మన పిల్లలు కోడలికి ఇట్ అని రాస్తరు. ఇట్ అంటె బిందె, కుర్చీ, బర్రె. కోడలు షీ."

"వాళ్ల తప్పేముందే? మనదాంట్ల కోడలు అచ్చింది, బర్రె అచ్చింది. మొగోడైతె అచ్చిండు. ఎవడో తాగి మోరిల పడ్డోడు గూడ లేచి అచ్చిండు. నన్ను, బర్రెను మాత్రం ఒక్క కొట్టంల కట్టేసిండ్రు."

"అందుకే ఇంగ్లీషు రాసేటప్పుడు చూసుకోవాలె అంటున్న."

"ఇంగ్లీషోళ్లు నాకు ఏరే కొట్టం కట్టిచ్చిండ్రన్నట్టు. మంచోళ్లే ఉన్నరు."

"ఆ బడోళ్లకే రాదత్తమ్మా. మొన్న గేటు మీద బోర్డు చూసిన. ప్రతి పేరెంటు తన ఫీజు టైముకు కట్టాలె అని రాయబోయి, 'తన' అనేకాడ ఇట్స్ అని పెట్టిండ్రు. పేరెంటును పసురాన్ని చేసిండ్రు."

"తప్పేం లేదు. పిండుకునేది బర్రెనే గదా."

"నవ్వియ్యకు! నేను గిట్లనే నవ్వితె అక్కడ కొలువియ్యరు."

"మరి బోర్డు తప్పని చెప్తవా వాళ్లకు?"

"చెప్తె కొలువు పోతది, చెప్పకుంటె పాఠం పోతది. ముందు కొలువు రానియ్యి, తర్వాత సున్నం డబ్బా పట్టుకొని నేనే పోతా."

"గట్లుండాలె. ఇంకేమున్నది?"

"మర్యాద తప్పు. మనం పెద్దోళ్లకు 'అచ్చిండ్రు, పోయిండ్రు' అంటం గదా. ఇంగ్లీషుల ఎంత పెద్దాయనైనా ఒక్కడే, హీ. మా జగిత్యాలల ఒక పిల్లగాడు లీవు చిట్టిల తాత పోయిండ్రు అని రాయబోయి, మర్యాదకు 'దే' వెట్టి రాసిండు. హెడ్‌మాస్టరు చదివి, అయ్యో ఇంటిల్లిపాది పోయిండ్రని బడికే సెలవిచ్చిండు."

"ఆగే, ఆగే... కడుపుల నొస్తుంది. ఒక్క ముసలాయనకు మర్యాద ఇయ్యవోయి ఇంటెడుమందిని చంపిండా!"

"అట్లనే ఎవ్రీబడీ అని ఒకటుంటది. అంటె అందరు. గని లెక్కకు ఒక్కడే."

"అందరంటె ఒక్కడా?"

"ఒక్కడే. ఏకవచనం."

"ఊరు ఊరంత కూసున్నా?"

"కూసున్నా ఒక్కడే."

"అయితె ఇంగ్లీషోళ్లకు పెండ్లి బువ్వలు అగ్గువ."

"చాలు. ఇప్పుడు నువ్వొక వాక్యం చెప్పు. సర్వనామం ఉండాలె."

"ఆయన చాయ్ తాగి పోయిండు."

"శభాష్. ఆయన అంటె ఎవరు?"

"ఆయనే."

"ఏ ఆయన?"

"నాకు ఇంకెంతమంది ఆయనలు ఉన్నరే? ఇంటాయన."

"ఇంటాయన అంటె?"

"సౌమ్య బాపు."

"పేరు అత్తమ్మా, పేరు! సాంచ మగ్గం మీద పోగు తెగితె ఏం చేస్తరు? ఏ పోగు కొసను ఆ పోగుకే అతుకుతరు గదా?"

"పక్క పోగుకు అతుకుతె గుడ్డ పాడైతది."

"అట్లనే 'ఆయన' ఒక కొస. రెండో కొస ఏది? పేరు చెప్పు, ముడి ఏద్దాం."

"పెండ్లాం నోట్లె మొగని పేరు అస్తదా ఏడన్న? ఆయుష్షు తగ్గుతది."

"నేను మధుకర్ అనే పిలుస్త."

"అందుకే వాడు గట్ల బక్కగయ్యిండు."

"మరి మామయ్య నిన్ను లసుమా, లసుమా అని వాడకట్టంత ఇనవడేటట్టు పిలుస్తడు గదా? నీ ఆయుష్షు తగ్గదా?"

"నా ఆయుష్షు సర్కారు నల్ల. ఎంత కారినా ఎవ్వలు అడుగరు."

"రేషన్ కార్డు కాడ అడిగితె ఎట్ల చెప్పినవ్?"

"'లోపలికి రా' అంటం చూడు, గండ్ల చివరి అక్షరం ఒకటి. జంతువు అంటం చూడు, గండ్ల మొదటి అక్షరం ఒకటి. రెండు కలుపుకో సారూ అన్న. ఆయన కలుపుకొని, నవ్వి నవ్వి, రాసుకునే పెన్ను చాయ్‌ల ముంచుకున్నడు."

"మరి పెండ్లైనప్పుడు గడప కాడ? నన్నైతె సౌమ్య ఆపింది. అన్న పేరు చెప్తెనే లోపలికి అన్నది. నేను చెప్పి జొరవడ్డ."

"నన్ను మీ మామ అక్క మొగిలవ్వ ఆపింది. గడపకు రెండు దిక్కుల చేతులు పెట్టి నిలవడ్డది. చెప్పు, తప్పుకుంట అన్నది. నేను చెప్పలే. ఎండకు తల మాడింది, చెప్పలే. కడకు లోపల పాలు పొంగినయి, ఆమె పొయ్యి కాడికి ఉరికింది, నేను సందు చూసి జొరవడ్డ."

"అంటె చెప్పకుంటనే అచ్చినవా!"

"టికెట్ లేకుంట బస్సెక్కినట్టే. ఇప్పటిదాక దిగలే, ఎవ్వలు పట్టుకోలే."

"ఒకవేళ నువ్వు చెప్పినంక గూడ ఆమె తప్పుకోకుంటె?"

"తప్పుకోకుంట ఎట్లుంటదే? ఆనవాయితీ. పేరు చెప్పినంక గడప విడువాల్సిందే. ఎంత గట్టి ఆడిబిడ్డైనా, ఎవలైనా సరే. విడువకుంటె ఇంటికే అరిష్టం."

వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. మామ రాజం చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చాడు.

"లసుమా! చాయ్ వెట్టు. ఇదేంది, పొద్దుగాల్నే ఇస్త్రీ చీర? సంధ్యా, ఏడికి?"

"వేములవాడకు మామయ్యా. డెమో క్లాసని మొన్న చెప్పిన గదా. మీరు ఊఁ అన్నరు."

"గదే చెప్దామని ఉరికచ్చిన. పోవద్దు. అందరు వద్దంటున్నరు."

"ఎవలు?"

"నువ్వు నడుమల రాకు లసుమా. వాళ్లే."

"వాళ్లంటె?"

"అందరే."

"సంధ్యా, అందరంటె ఇంగ్లీషుల ఎంతమంది?"

"అత్తమ్మా, ఇప్పుడొద్దు..."

"ఎంతమందే?"

"...ఒక్కరే."

"ఇన్నవా సౌమ్య బాపూ? ఒక్కడేనట. గా ఒక్కడెవలు?"

"ఏం ముచ్చట పెట్టినవే పొద్దువొద్దుగాల! ఊరు మొత్తం అంటది. సాంచలు బందువడ్డయి, రాజం కోడలి జీతం మీద కూసున్నడు అంటరు."

"అన్నరా, అంటరా?"

"అంటరు."

"అంటె ఇంకా అనలే."

"అనకముందుకే చూసుకోవాలె. ఇజ్జత్ అంటె గదే!"

"అనేటోళ్ల పేర్లు చెప్పు."

"సామేలు హోటల్ కాడ అనుకుంటరు."

"సామేలు పెండ్లాం భాగ్య దవఖానల సిస్టరు. రోజు ఆమెను బండి మీద దింపి అచ్చినంకనే వాడు చాయ్ పొయ్యి ముట్టిస్తడు. వాడంటడా?"

"సామేలు అనడు. చాయ్ తాగెటోళ్లంటరు."

"గండ్ల ఒక్కని పేరు చెప్పు."

"ఒక్కడా ఇద్దరా చెప్పనీకి?"

"అందుకే ఒక్కని పేరన్న చెప్పు అంటున్న."

"...ఇప్పుడు యాదికస్తలేదు. గదంత ఎందుకు, కోరుట్ల! కోరుట్ల వియ్యాలోళ్లు ఏమనుకుంటరు? మన సౌమ్యకు అత్తింట్ల తలెత్తుకొనే ముఖముంటదా?"

"సంధ్యా, సౌమ్యకు ఫోన్ కలుపు. అందరికి ఇనవడేటట్టు పెట్టు."

"అత్తమ్మా, బస్సు పోతదే."

"కలుపు."

"లసుమా, అక్కర లేదు. నేను తర్వాత మాట్లాడుత..."

"హలో, వదినె! ఇంకా బయల్దేరలేదా? ఆల్ ది బెస్ట్ చెప్దామని నేనే చేస్తుంటి."

"నేను అవ్వను సౌమ్యా. మీ వదినె బడికి పోతె మీ అత్తకు ఏమన్న కష్టమైతదా?"

"మా అత్తకా? కొలువు అచ్చిందా, అచ్చిందా అని ఆమెనే నా పానం తీస్తుంది. మా ఆడిబిడ్డ వేములవాడలనే ఉంటది గదా, పిల్లగాన్ని ఆ బళ్లె ఏస్తరట. వదినె ఉంటె ఫీజు ఏమన్న తగ్గిస్తరా అని."

"ఇన్నవా? నీ కోరుట్ల 'వాళ్లు' తగ్గింపు అడుగుతున్నరు."

"బాపు అక్కడనే ఉన్నడా? బాపూ, నా పెండ్లి చూపులప్పుడు 'మా కోడలు ఎమ్మే, బీఈడీ' అని అడుగనోళ్లకు గూడ చెప్పినవ్ గదా?"

"గది ఏరే బిడ్డా. చదువు ఏరే, నౌకరి ఏరే."

"ఎట్ల ఏరే?"

"చదువు ఫ్రేము కట్టి గోడకు పెట్టుకుంటం. నౌకరి బస్సెక్కి రోడ్డు మీదికి పోతది. ఉంట బిడ్డా, చార్జింగు లేదు."

"ఫోన్ వదినెది గదా బాపూ..."

"ఉంట బిడ్డా!"

"పెట్టేసినవా? ఇగ కోరుట్ల అయిపోయింది. ముందటి స్టేజీ ఏది?"

"నన్ను బస్సు కండక్టర్ లెక్క అడుగకు లసుమా. జగిత్యాల బావ ఉన్నడు గదా. పిల్లను సుఖంగ ఉంటదని ఇచ్చిన, పనికి తోలిండ్రు అని మనసుల కుములడా? చెప్పు సంధ్యా, మీ బాపు ఏమంటడు?"

"బాపు నిన్న ఫోన్ల మాట్లాడిండు మామయ్యా."

"ఏమన్నడు?"

"'మీ మామ దిల్‌దార్ మనిషి, ఆయన కాదనడు, నువ్వు రంది వెట్టుకోకు' అన్నడు."

"...గట్లన్నడా?"

"గట్లనే అన్నడు."

"బావ మంచోడే. బావకు నా గురించి... సరే, మధుకర్ ఉన్నడు. వాడు బయటికి చెప్పడు గని, వానికి లోపల ఇష్టం లేదు."

"వానికి సర్వనామాలు గూడ రావు. ఏదడిగినా ఊఁ అంటడు. పోనా అంటె ఊఁ, ఉండనా అంటె ఊఁ. వాని పేరు మీద నువ్వు మాట్లాడకు."

"మా అక్క ఒప్పుకోదు! మొగిలక్క అసలే ఒప్పుకోదు."

"మొగిలవదినెకు చెవులు దొబ్బినయి. పొమ్మన్నా ఇనవడది, వద్దన్నా ఇనవడది. వేములవాడ అంటె దర్శనానికనుకొని కొబ్బరికాయకు పైసలిస్తది."

"ఎకసక్కాలు బంద్ చెయ్యి లసుమా!"

"మామయ్యా, బస్సు టైమైంది. పోయి ఒక్కసారి పాఠం చెప్పి అస్త. వాళ్లు తీసుకుంటె అప్పుడు ఆలోచన చేద్దాం."

"ఒక్కసారి గాదు, అర్ధసారి గూడ లేదు. ఇగో, గడప కాడ నిలవడ్డ. నేనుండంగ ఎట్ల దాటుతవో చూస్త."

"రెండు దిక్కుల చేతులు పెట్టినవ్. అచ్చం మీ అక్క లెక్కనే ఉన్నవ్."

"ఎట్లన్న ఉండని. నీకు తెల్వది లసుమా. పొద్దున లేస్తె సాంచల చప్పుడు లేదు. షెడ్డు తలుపు తీస్తె గబ్బిలాలు లేస్తున్నయి. చప్పుడు లేకుంటె నాకు నిద్ర పడ్తలేదు. ఈ ఇంటికి తెచ్చింది నేను. పెట్టింది నేను. రేపు సంధ్య జీతం తెచ్చి బల్ల మీద పెడితె, నేను ఏడ కూసోవాలె? నేనేం గావాలె?"

"ఇగో."

"ఏంది ఇగో?"

"గింతసేపు వాళ్లు, వాళ్లు అంటివి. ఇప్పుడు నేను అన్నవ్."

"అన్న. అయితె?"

"సంధ్యా, 'నేను' అని రాయాల్సినకాడ 'వాళ్లు' అని రాస్తె ఇంగ్లీషుల ఏమంటరు?"

"...తప్పంటరు అత్తమ్మా. ఎర్ర సిరాతోని సున్న సుడుతరు."

"మనకాడ పెద్దరికం అంటరు."

"కోడలి ముందట నన్ను నవ్వులపాలు చేస్తున్నవా?"

"మామయ్యా, నేను నవ్వుతలేను. మీరు ఏడ కూసుంటరో అక్కడనే కూసోండ్రి. జీతం బల్ల మీద ఎందుకు పెడ్త, మీ చేతికే ఇస్త గదా..."

"వద్దు బిడ్డా, గా మాట అనకు. కష్టపడేది నువ్వు. సౌమ్య బాపూ, ఇను. సాంచలు ఆగినయి. నీ మనసు ఆగింది. ఇప్పుడు ఆమెను గూడ ఆపి ఇల్లు మొత్తం హర్తాళ్ చేస్తవా?"

"ఏమన్న అను. కదల. నువ్వు ఏడ్చినా కదల, మొత్తుకున్నా కదల."

"ఏడ్వ. మొత్తుకోను. ఒక్క ముచ్చట చెప్త."

"ఇంత చెప్పినవ్, ఇంకేం చెప్తవ్?"

"గడప కాడ ఏం చెప్తరో గదే."

"అత్తమ్మా! వద్దు. ఆయుష్షు తగ్గుతదన్నవ్ గదా!"

"నీ మొగడు బతికే ఉన్నడు గదా. బక్కగున్నడు గంతే."

"అగో, కొంగు తల మీదికి తీస్తున్నవేంది? గా పసుపు డబ్బా ఎందుకే? లసుమా, ఏం చేస్తున్నవే? కోడలు చూస్తుంది!"

"చూడని. కొత్త కోడలు గడప కాడ గిట్లనే నిలవడాలె. ఆ దినం సందు చూసి దొంగ లెక్క జొరవడ్డ, ఇయ్యాల సక్కగ నిలవడ్డ. సంధ్యా, బ్యాగు భుజానికేసుకో."

"లసుమా... ఏయ్... నోరు మూస్తవా, లేదా?"

"అందరు అన్నవ్, ఊరన్నవ్, కోరుట్లన్నవ్, జగిత్యాలన్నవ్. గన్నిటి ఎనుక ఉన్న పేరు ఒక్కటే. రాజం. ఇన్నవా? రాజం! నా మొగని పేరు రాజం. చెప్పిన. ఇగ ఆనవాయితీ ప్రకారం గడప విడువు, నా కోడలు పోతది."